అర సెంటు బిళ్ల

ఫిబ్రవరి 3

తపాలా బిళ్లల ప్రదర్శనకి ఫారం నింపేశాడట మా తోడల్లుడు. నింపి, సంతకం పెట్టి, క్లబ్బులో ఇచ్చేసి, ఆ తర్వాత తీరిగ్గా మా ఇంటికొచ్చి టీ తాగుతూ చెప్పాడు. "తమ్ముడూ, ఫారంలో ఒక్క పేరుకే చోటుంది. నా పేరు రాసేశాను. ఏముందిలే, నీదైతేనేం, నాదైతేనేం."

నీదైతేనేం అనుకున్నప్పుడు నాదే రాయొచ్చుగా. ఆ మాట గొంతు దాకా వచ్చింది. "అయ్యో, దాందేముంది అన్నయ్యగారూ, బిస్కెట్టు తీసుకోండి" అన్నాను. నా నోరెప్పుడూ ఇంతే. గట్టిగా మాట్లాడాల్సినప్పుడు బిస్కెట్లు పంచుతుంది.

పందొమ్మిదేళ్ల సేకరణ. ఇద్దరిదీ. నన్ను అడగనైనా అడగలేదు.

ఈ డైరీ కళ్లద్దాల కంపెనీ వాళ్లు ఏటా మా షాపుకి పంపేది. ఇన్నేళ్లూ తెచ్చి బీరువా మీద పడేసేవాణ్ణి. ఈ ఏడు దుమ్ము దులిపి తీశాను. మొదటి పేజీలో పేరు రాసుకోడానికి గీత ఉంది. రాసుకున్నాను. ఎక్కడో ఒకచోట నా పేరుండాలిగా.

ఫిబ్రవరి 4

ఇవాళ షాపులో అరగదీస్తుంటే కళ్లద్దం పగిలింది. ముప్పై నాలుగేళ్లలో నా చేతిలో అద్దం పగిలిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యజమాని ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది, ఎవరో ఒకరి మీద అరిచేవాణ్ణి.

ఫిబ్రవరి 8

మేమిద్దరం తోడల్లుళ్లం. ఆయన భార్య అక్క, నా భార్య చెల్లెలు. ఇళ్ల మధ్య నాలుగు వీధులు. అక్కచెల్లెళ్లు రోజూ సాయంత్రం గంటసేపు ఫోన్లో మాట్లాడుకుంటారు, పొద్దున కలుసుకున్నా సరే. మా ఇద్దరికీ మాత్రం మొదట్లో మాట్లాడుకోడానికి ఏమీ ఉండేది కాదు. అత్తగారింట్లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఫ్యాను వైపు చూసేవాళ్లం. ఓసారి ఆయన జేబులోంచి ఓ పాత కవరు తీశాడు. అప్పట్లో ఓడల కంపెనీలో గుమాస్తా. హాలండు నుంచి ఆఫీసుకొచ్చిన చెత్తకాగితాల్లో దొరికిందట. కవరు మీద తపాలా బిళ్ల, బిళ్ల మీద అడ్డంగా ఓ ఊరి పేరు, సంవత్సరం.

"ఈ ముద్ర చూడు తమ్ముడూ. బిళ్ల అంచు దగ్గరే ఆగిపోయింది. కాగితం మీదికి రాలేదు. ఎందుకంటావ్?"

నా జేబులో షాపు భూతద్దం ఉంది. తీసి చూశాను. అంతే, పందొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ఆయన ఉత్తరాలు రాసి తెప్పించేవాడు, నేను పరీక్షించి పేజీలకెక్కించేవాణ్ణి. ఒక్కో బిళ్లకీ అంచు పళ్లు లెక్కపెట్టింది నేను. కాగితం మందం చూసింది నేను. అసలేదో నకిలీ ఏదో తేల్చింది నేను. క్లబ్బులో ఆయన్ని హాలండు దొర అంటారు. నన్ను భూతద్దం అంటారు. ఒకడు దొర, ఇంకోడు సామాను.

ఫిబ్రవరి 11

ప్రదర్శనకి వచ్చే జనానికి అర్థమయ్యేలా మొదట్లో నాలుగు ముక్కలు రాయాలి. మా ఆవిడ మీద ప్రయోగించి చూశాను.

"వేలకొద్దీ కరపత్రాలూ, ధరల జాబితాలూ ఒకేసారి పోస్టు చేసే వ్యాపారులుంటారు. ఒక్కోదాని మీదా ముద్ర కొడుతూ కూర్చుంటే పోస్టాఫీసు వాళ్లకి పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకని బిళ్లల మీద ముందే ముద్ర కొట్టి అమ్మేవాళ్లు. వ్యాపారి అతికించి పంపితే చాలు."

"అంటే అవి వాడినవా, వాడనివా?"

"విడిగా చూస్తే చెప్పలేం. ముద్ర ఉంటుంది, ఎక్కడికీ వెళ్లి ఉండకపోవచ్చు."

"మరెలా తెలుస్తుంది?"

"అతికించిన కాగితంతో సహా దొరికితే తెలుస్తుంది. అందుకే అలాంటివి అపురూపం."

"ఆ కాగితం మీద ఎవరో తర్వాత తెచ్చి అతికించి ఉంటే?"

ముప్పై ఏళ్ల కాపురంలో ఇంత సూటి ప్రశ్న అడగలేదు. మామూలు కవరైతే ముద్ర సగం బిళ్ల మీదా సగం కాగితం మీదా పడుతుంది కాబట్టి మోసం కుదరదనీ, వీటికి ఆ వీలు లేదనీ, ఎవరి దగ్గరుందో ఆ మనిషి మాటే సాక్ష్యమనీ చెప్పాను.

"అయితే మీ క్లబ్బంతా ఒకళ్ల మాట ఒకళ్లు నమ్ముకుని బతుకుతున్నారన్నమాట. పాపం" అంటూ వంటింట్లోకి వెళ్లింది.

ఫిబ్రవరి 14

ప్రదర్శనకి పేజీలు బిగించే చట్రాలు ఐదు, మొత్తం ఎనభై పేజీలు. అన్నీ నా చేతిరాతే. మెడ పట్టేసింది.

ఇవాళ చివరి చట్రం సామాను తెచ్చుకోడానికి ఆయనింటికి వెళ్లాను. మా సేకరణ ఉండే బీరువాకి రెండు తాళంచెవులు, ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర. ఆయన ఇంట్లో లేకపోయినా తీసి తెచ్చుకుంటాను. ఎవరూ అడగరు. వదిన టీ ఇస్తూ "మీ అన్నయ్య పెళ్లికొడుకులా తయారయ్యారు మరిదిగారూ, చొక్కా కూడా కుట్టించుకున్నారు" అంది. పెళ్లికొడుకే మరి. నేను వంటవాణ్ణి.

అన్నిటికీ తలమానికం చుట్టు కాగితం. తులిప్ దుంపల వ్యాపారి ఒకడు తన ధరల జాబితాకి చుట్టి పంపిన గోధుమరంగు పట్టీ. జానెడు వెడల్పు. మీద అచ్చేసిన చిరునామా, పక్కన వ్యాపారి ఆ ఖాతాదారుకిచ్చిన నంబరు 214, మూలన ముందే ముద్ర కొట్టిన హాలండు అర సెంటు బిళ్ల, లేత ఊదా రంగుది. వందేళ్లు దాటిన కాగితం. చుట్టు కాగితం ఎవరు దాచుకుంటారు, జాబితా తీసుకుని చించి పారేస్తారు. అందుకే ఇంకోటి మేం ఎక్కడా చూడలేదు. ఆరేళ్ల కిందట ఆయనకి ఉత్తరాల స్నేహితుడైన ఓ హాలండు ముసలాయన పంపాడు.

వచ్చిన రోజే అన్నాను, ఈ బిళ్ల ఈ కాగితానిది కాదేమోనని. క్లబ్బులో అందరి ముందూ నవ్వాడు. "వీడొక అనుమానప్పక్షి. ఆ ముసలాయన అబద్ధమాడడు తమ్ముడూ" అన్నాడు. అందరూ నవ్వారు. పకోడీల్లా పంచుకుని నవ్వారు.

ఫిబ్రవరి 17

రెండు గంటలు భూతద్దం కింద పెట్టి చూశాను. బిళ్ల వెంట్రుకవాసి వంకరగా ఉంది. కుడి మూలన జిగురు ఓ చుక్క పొంగింది. ఇది అసలుదేనని నేనెలా రాయను? రేపు ప్రదర్శనలో బయటి జడ్జి పట్టుకుంటే ఎవరి పరువు పోతుంది? అన్నయ్యగారిదే కదా. నా తాపత్రయమంతా ఆయన పరువు కోసమే.

ఫిబ్రవరి 18, ఆదివారం

మధ్యాహ్నం మా ఆవిడ అక్క దగ్గరికి వెళ్లింది. స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించాను. ఆవిరి మాత్రమే పట్టాను. పరీక్ష కోసం. పెద్ద పెద్ద నిపుణులు కూడా చేసేదే.

బిళ్ల వచ్చింది. కింద ఏమీ లేదు. తిరిగి అతికించేశాను. ఎవరికీ తేడా తెలియదు.

ఫిబ్రవరి 19

కింద ఏమీ లేదు.

ఫిబ్రవరి 22

"ఈ గిన్నెకేమైంది?" అనడిగింది మా ఆవిడ.

"ఏమైంది?"

"నేనూ అదే అడుగుతున్నా."

గుడ్డు ఉడికించుకున్నానన్నాను. నా వైపోసారి, గిన్నె వైపోసారి చూసి, పీచు తీసుకుని తోముకుంటూ కూర్చుంది.

ఫిబ్రవరి 26

పేజీలన్నీ ఇచ్చేశాను. ఆయన ఒక్కో పేజీ తిప్పుతూ, "నీ రాత చూస్తే నాకు కడుపు నిండిపోతుంది తమ్ముడూ" అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది నేను చేసిన కళ్లజోడే. చుట్టు కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. "ముసలాయన బతికుంటే ఎంత సంతోషించేవాడో. కిందటేడు పోయాడని కూతురు రాసింది" అన్నాడు.

పేజీ తిప్పేశాడు.

మార్చి 2

షాపులో పని. క్లబ్బుకి వెళ్లలేదు. తలనొప్పి.

మార్చి 8

ప్రదర్శన.

ఇది వరసగా రాయాలి, లేకపోతే మళ్లీ నాకు నచ్చినట్టు రాసుకుంటాను.

పొద్దున తొమ్మిదింటికి హాలుకి వెళ్లాను. మా చట్రాలు కిటికీ పక్కన. మొదటి చట్రంలో నేను రాయని పేజీ ఒకటుంది. ఆయన స్వయంగా రాశాడు, ఆ కోడికెలుకుడు రాతతో. "ఈ సేకరణలో ప్రతి బిళ్లనూ పరీక్షించినదీ, ఈ పేజీలన్నీ రాసినదీ నా తమ్ముడు. ఫారంలో ఒక్క పేరుకే చోటుంది. ఇక్కడ రెండు పేర్లకు చోటుంది." కింద నా పేరు ముందు, ఆయన పేరు వెనక.

పక్కనే నిలబడి నా మొహం చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా. "ఎలా ఉంది? ముందే చెప్తే నువ్వు వద్దంటావని" అన్నాడు.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

ఇంకోటి కూడా రాయాలి. నన్ను అడగలేదని మొదటి రోజు రాశాను. డిసెంబరులో అడిగాడు. "ఎవరి పేరు వేద్దాం తమ్ముడూ?" అని. "మీరు పెద్దవారు, మీ ఇష్టం అన్నయ్యగారూ" అన్నాను. అంటూనే, ఆయన కాదనాలని, "నీదే వేద్దాం" అనాలని చూశాను. అనలేదు. ఆ సంగతి ఇక్కడ రాయలేదు.

మధ్యాహ్నం జడ్జి వచ్చాడు. బయటూరి మనిషి, చేతికి తెల్లటి తొడుగులు. నాలుగు చట్రాలూ తల ఊపుతూ చూశాడు. ఐదోదాని దగ్గర ఆగిపోయాడు. హాల్లో దీపాల వేడికి బిళ్ల మూల కాస్త లేచి ఉంది. అద్దం తీయించాడు. దీపం తెప్పించి ఆ మూల కింద చూశాడు. చాలాసేపు చూశాడు. క్లబ్బు అధ్యక్షుడు హెడ్మాస్టరుగారిని పిలిచి, గొంతు తగ్గించుకోకుండానే చెప్పాడు.

"ఈ జిగురు కొత్తది. బిళ్లని తర్వాత అతికించారు. కింద కాగితం మీద ఏదో రాసి ఉంటే గీకేశారు, పీచు లేచింది, ఊదా రంగు మరక ఇంకా ఉంది. అసలు నిజం బయటపడకూడదని గీకి ఉంటారు."

అన్నయ్యగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. కొత్త చొక్కా. వదిన చేతిలో టిఫిను డబ్బా.

నేను కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాను.

మార్చి 9

చట్రాలు తీసేశారు. ఐదూ.

మార్చి 10

విచారణ 15న. కార్యవర్గం ఐదుగురం కూర్చుంటాం. కార్యదర్శి ఆయనే కాబట్టి ఆయన బదులు కోశాధికారి కూర్చుంటాడు. నేను సభ్యుణ్ణి.

మధ్యాహ్నం షాపుకి వచ్చాడు. యజమాని భోజనానికి వెళ్లాడు. బల్లకి అటువైపు, కళ్లు పరీక్ష చేయించుకునేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు.

"తమ్ముడూ, నీకేమైనా తెలుసా?"

"దేని గురించి?"

"అదే. జిగురు."

"వేడికి లేచి ఉంటుంది అన్నయ్యగారూ. ఆ జడ్జికి నోరెక్కువ."

"గీకి ఉందన్నాడుగా."

"పాత కాగితం. పీచు లేస్తుంది."

తలూపాడు. గోడ మీది అక్షరాల పటం వైపు చూస్తూ కూర్చున్నాడు. కింది వరస చదవలేకపోతున్నట్టున్నాడు, కళ్లు చిట్లించాడు. "అద్దాలు మార్చాలేమో" అన్నాను. "మారుద్దాంలే" అని లేచి వెళ్లిపోయాడు.

కింద నంబరుంది.

మార్చి 12

కింద నంబరుంది. 214. తడి తగిలితే ఊదా రంగు తేలే పెన్సిలుతో వ్యాపారి దగ్గరి గుమాస్తా ఎవడో బిళ్ల అతికించేముందు గుర్తుకి రాసుకున్నది. బిళ్ల తడిపి అతికించినప్పుడు ఆ రంగు బిళ్ల వీపుకి కూడా అంటుకుంది. కాగితం మీద 214. బిళ్ల వెనక అద్దంలో చూసినట్టు తిరగబడ్డ 214. ఒకదాని మీద ఒకటి పెడితే గీతకి గీత సరిపోయింది. ఆ బిళ్ల ఆ కాగితానిదే. హాలండు ముసలాయన అబద్ధమాడలేదు. అన్నయ్యగారు చెప్పిందే నిజం.

ఇలాంటి రుజువు ఈ రకం బిళ్లలకి దొరకడం నేను ఎక్కడా చదవలేదు. పందొమ్మిదేళ్లు ఇలాంటిది ఒక్కటి చూడాలనే కదా కళ్లు పొడుచుకున్నాం.

సంతోషం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది. ఇందులోనూ ఆయనే గెలిచాడా అనిపించింది.

బిళ్ల గిన్నెలో వేశాను. వేలితో రుద్దాను. నీళ్లు ఊదాగా తిరిగాయి. కాగితం మీది దాన్ని బ్లేడుతో గీకాను. ఆవిరి మాత్రమే పట్టానని రాశాను కదా. అబద్ధం. పరీక్ష కోసమనీ రాశాను. అదీ అబద్ధం. ఎవరి పరువు గురించీ నేను ఆలోచించలేదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను, అంతే.

ఇప్పుడు ఈ లోకంలో ఆ నంబరు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. 15న చెప్తాను.

మార్చి 14

రేపు చెప్తాను. ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ రాసుకున్నాను. కొట్టేశాను. మళ్లీ రాసుకున్నాను.

మార్చి 15

క్లబ్బు గది. పొడుగాటి బల్ల. మేం ఐదుగురం ఒకవైపు, ఆయన ఒక్కడూ ఇంకోవైపు. బల్ల మధ్యలో చుట్టు కాగితం, దానికి పక్కన జడ్జి ఊడదీయించిన బిళ్ల. జడ్జి పంపిన ఉత్తరం హెడ్మాస్టరుగారు చదివాడు. చదివి, మంచి గొంతుతోనే అడిగాడు.

"ఆరేళ్లుగా ఇది మీ దగ్గరే ఉంది. మీకు వచ్చినప్పుడే ఇలా ఉందా?"

"లేదు. వచ్చినప్పుడు శుభ్రంగా ఉంది. ఆ ముసలాయన పేరు ఇందులోకి లాగకండి. మంచి మనిషి, పోయాడు కూడాను."

"అయితే మీ దగ్గరికొచ్చాక జరిగింది. ఎవరు ముట్టుకుని ఉంటారు?"

ఇప్పుడు చెప్పాలి. రాసుకున్న మొదటి వాక్యం నోట్లోనే ఉంది. "హెడ్మాస్టరుగారూ, ఒక్క మాట" అని మొదలు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆయన బల్ల వైపే చూస్తున్నాడు. తర్వాత తలెత్తాడు. ఐదుగుర్నీ వరసగా చూశాడు, నన్ను నాలుగోవాడిగా. నా దగ్గర కాసేపు ఆగాడు. ఎంతసేపో తెలియదు. ఒక అద్దం బిగించేంతసేపు.

"నేనే అతికించాను" అన్నాడు.

"గీకింది?"

"నేనే."

"ఎందుకండీ?" అన్నాడు హెడ్మాస్టరుగారు.

"బుద్ధి గడ్డి తింది."

సభ్యత్వం రద్దు. కార్యదర్శి పదవి రద్దు. మిగతా క్లబ్బులన్నిటికీ తెలియజేస్తూ ఉత్తరం. తీర్మానం కింద ఐదుగురం సంతకాలు పెట్టాం. నాది నాలుగోది. నా చేతిరాత బావుంటుందని తీర్మానం కూడా నాచేతే రాయించారు.

మార్చి 16

నిన్న మెట్ల దగ్గర ఆగాడు. నేను దిగేదాకా ఆగాడు. ఇద్దరం వీధి చివరిదాకా నడిచాం. ఎప్పుడూ నడిచే దారే, కుట్టుమిషన్ల షాపూ, బేకరీ, మూసేసిన సినిమా హాలూ. బేకరీ దగ్గర అడిగాను.

"అలా ఎందుకన్నారు అన్నయ్యగారూ?"

"బీరువాకి తాళంచెవులు రెండే కదా తమ్ముడూ. నేను కాదంటే మిగిలిందెవరు?"

నేను నిలబడిపోయాను. ఆయన నిలబడలేదు. రెండడుగులు వేశాక వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నువ్వు చెప్తావేమోనని చూశాను. చాలాసేపు చూశాను."

మార్చి 19

అక్కచెల్లెళ్ల ఫోన్లు గంట నుంచి పది నిమిషాలకి వచ్చాయి. వదిన ఏడుస్తుందట. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి దొంగపని చేశాడంటే నమ్మలేకపోతోందట, ఆయనేమో నోరు విప్పడట.

మా ఆవిడ ఫోన్ పెట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆ గిన్నె అడుగున ఊదా రంగు మరక. మూడు రోజులు తోమాను, పోలేదు. గుడ్డు ఉడికిస్తే ఊదా రంగు వస్తుందా అండీ?"

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను.

"అక్క అక్కడ ఏడుస్తుంటే నేను ఇక్కడ ఊ, ఊ అంటూ వింటున్నాను. ఏమీ తెలియనట్టు. నన్ను కూడా ఇందులో కలిపేశారు మీరు." ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. "బావగారి మీద మీకంత కసి ఏమిటి? ఏం చేశాడాయన మీకు?"

ఏం చేశాడు? ఆలోచించాను. చెప్పడానికి ఒక్కటి కూడా దొరకలేదు.

మార్చి 21

ఆల్బములన్నీ ఆటోలో పంపాడు. పద్నాలుగు. పైన చీటీ, "నాకిక వీటితో పని లేదు. నీ దగ్గరుండనీ." ఆయన తాళంచెవి కూడా ఉంది.

ముందు గదిలో గోడ పక్కన పేర్చాను. మా ఆవిడ వాటిని దాటుకుంటూ వెళ్తూ, "ఇప్పుడు ఫారంలో ఒక్క పేరే పెట్టుకోవచ్చు" అంది.

మార్చి 24

ఇవాళ హెడ్మాస్టరుగారింటికి వెళ్లి చెప్పాను. అన్నీ. గిన్నె, బ్లేడు, నంబరు. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఆయన కదలకుండా విన్నాడు. తర్వాత లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"మీరు వస్తారని నాకు తెలుసు."

"తెలుసా?"

"మా ఆవిడతో అన్నాను కూడా, ఆ భూతద్దం తోడల్లుడి కోసం ఏదో ఒకటి చేస్తాడు చూడు అని. సొంత తమ్ముళ్లు కూడా ఇలా నెత్తిన వేసుకోరండీ."

"లేదండీ, నిజంగా నేనే. కింద 214 అని ఉంది. బిళ్ల వెనక తిరగబడి ఉంది. నా కళ్లతో చూశాను."

"ఏదీ, చూపించండి."

"కడిగేశాను."

"కాగితం మీదిది?"

"గీకేశాను."

ఆయన జాలిగా నవ్వాడు. "అంటే, ఉన్న రుజువు మీరొక్కరే చూశారు, చూసి చెరిపేశారు. మీ లాంటి మనిషి, మచ్చ ఉన్న బిళ్లని ఇంకొకరికి అంటగట్టడానికే చేతులు రాని మనిషి. మీకు అబద్ధమాడటం రాదండీ, చూడండి ఎలా వణుకుతున్నారో."

అరిచాను. ఆయనింట్లో, ఆయన భార్య వింటుండగా, నేనే చేశానని అరిచాను. ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గుమ్మం దాకా సాగనంపుతూ హెడ్మాస్టరుగారు, ఖాళీ అయిన కార్యదర్శి పదవికి నా పేరే అనుకుంటున్నామనీ, కాదనొద్దనీ అన్నాడు.

మార్చి 25

వదిన దగ్గరికి మా ఆవిడ వెళ్లింది. అంతా చెప్పేసి వచ్చిందట. వదిన ఏమందని అడిగితే, "ఏమీ అనలేదు, తలుపు తీసి పట్టుకుంది" అంది. వెళ్లిపొమ్మని.

నలభై ఎనిమిదేళ్ల అక్కచెల్లెళ్ల బంధం.

మార్చి 29

సాయంత్రం ఫోన్ మోగింది. అక్క ఫోనేమోనని మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఎత్తి, విని, ఏమీ అనకుండా నా చేతికిచ్చింది.

"హెడ్మాస్టరుగారి దగ్గరికెళ్లి చెప్పారట."

ఎవరి గురించి అడుగుతున్నాడో ముందు అర్థం కాలేదు. ఆయన నన్నెప్పుడూ మీరు అనలేదు.

"చెప్పానండీ."

"నమ్మలేదట."

"నమ్మలేదు. మీరూ రండి అన్నయ్యగారూ, ఇద్దరం కలిసి వెళ్దాం. మీరు కాదని ఒక్క మాట అనండి, మిగతాది నేను చెప్తాను. ఎక్కడంటే అక్కడ చెప్తాను, క్లబ్బులన్నిటికీ రాస్తాను..."

"వద్దులెండి. ఇద్దరం అబద్ధాలకోరులమంటారు" అన్నాడు. "నేనొకటి అడుగుదామని ఫోన్ చేశాను. కింద నంబరు ఉందన్నారట. అది నిజమేనా? నా మనసు సమాధానపడాలని కల్పించి చెప్పింది కాదుగా?"

"నిజమే. మా అమ్మ మీద ఒట్టు. రెండు వందల పద్నాలుగు. బిళ్ల వెనక కూడా పడింది. మీ బిళ్ల ఆ కాగితానిదే."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఏమిటండీ?"

"చూడ్డానికి. ఎలా ఉంది?"

చెప్పాను. తడికి రంగు ఎలా తేలిందో చెప్పాను, పండిన నేరేడు రంగు. రెండు అంకె మొదట్లో గుమాస్తా చిన్న సున్నా చుట్టాడని చెప్పాను. ఒకటి నిటారుగా లేదని, కొంచెం వెనక్కి వాలిందని. నాలుగు కాలు కిందికి సాగి బిళ్ల పంటి దాకా వచ్చిందని, బిళ్ల వెనక కూడా సరిగ్గా అదే పంటి దగ్గర ఆగిందని. ఆయన మధ్యలో రెండుసార్లు "ఊఁ" అన్నాడు, కొత్త బిళ్ల వచ్చినప్పుడల్లా నేను భూతద్దంలో చూస్తూ చెప్తుంటే పక్కన కూర్చుని అన్నట్టే అన్నాడు.

అంతా అయ్యాక అన్నాడు.

"అప్పుడే ఒక ఫోన్ చేసుంటే, ఇద్దరం చూసేవాళ్లం కదండీ."

పెట్టేశాడు.